అత్త నమ్మిన జబ్బు

మొన్న గుడియాత్తం నుంచి వేలూరు వచ్చే బస్సులో, కాలేజీ వయసు పిల్ల ఒకతె లేచి, అర్జెంటుగా మూత్రానికి వెళ్ళాలని కండక్టరుతో చెప్పి బస్సు ఆపించుకుంది. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముప్పై దాటిన కొత్తల్లో మొదలైంది నాకా బాధ. చీరలు నేసే గుంతమగ్గంలో కూర్చుని, పోగుల మధ్య నాడె నాలుగుసార్లు ఆడించానో లేదో, పొత్తికడుపులో ఎవరో పిండినట్టయ్యేది. లేచి పెరట్లోకి పరుగెత్తేలోపే ఒక్కోసారి చీర తడిసేది. పని ఎగ్గొట్టడానికి సాకని మా ఆయన విసుక్కునేవాడు. నీళ్ళు తాగడమే మానుకున్నాను, అయినా తగ్గలేదు. మేల్పాడిలో మా చెల్లెలి పెళ్ళికి, అంతసేపు బస్సులో కూర్చోలేనని జడిసి, వెళ్ళనేలేదు. అది ఇప్పటికీ నాతో మనసిచ్చి మాట్లాడదు.

నమ్మింది మా అత్త ఒక్కతే. మగ్గానికి నూలు కండెలు చుట్టే పని పక్కనపెట్టి నన్ను వేలూరు తీసుకొచ్చింది. దారిలో నాకు ఆగకపోతే తనూ నాతోపాటు దిగిపోయి, కొంగు అడ్డంపట్టి నిలబడి, తర్వాత ఇంకో బస్సు కోసం ఎండలో ఎదురుచూసేది. నేను సిగ్గుతో నోరు విప్పకపోతే, డాక్టరుకు తమిళంలో అన్నీ తానే చెప్పింది. మూత్రపరీక్ష చేశారు, స్కానింగు తీశారు, చక్కెర లేదన్నారు, ఏ దోషమూ కనబడలేదన్నారు. తర్వాత ఎక్కడ చూపించుకున్నా అదే మాట. ఒకసారి ఆస్పత్రి మెట్ల మీద కూలబడి, నాకు పిచ్చేమోనని ఏడ్చాను.

"ఏడవబాకమ్మా. వాళ్ళకు దొరకలా, అంతే. నీకు ఉండాది, నేను చూస్తానే ఉండాను గదా," అంది అత్త, నా ముఖం తుడుస్తూ.

ఆమె పోయిన చాలా ఏళ్ళకు, ఒక డాక్టరమ్మ సన్నటి గొట్టం గుండా మూత్రసంచిలోకి మెల్లగా నీళ్ళు ఎక్కించి పరీక్ష చేసి, అది నిండకముందే తనంతట తానే బిగుసుకుంటోందని తేల్చింది. ఎందుకలా అవుతుందో తెలియదట. మాత్రలిచ్చి, కాస్తకాస్తగా ఆపుకోవడం నేర్పింది. పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది. పక్కనే నిలబడి విన్న మా ఆయన, ఆ మాత్రలు అయిపోకముందే తానే వెళ్ళి తెచ్చేవాడు.

ఇప్పుడు ఆస్పత్రి వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఈ బాధను ఒకరితో ఒకరు దాచుకోకుండా చెప్పుకుంటున్నారు. మా కాలంలో ఆ మాట నోట రావడానికే సగం వయసు గడిచిపోయేది. మారడం మంచిదే. కానీ ఏ పరీక్షా చెప్పకముందే నన్ను నమ్మిన మనిషికి, నువ్వన్నదే నిజమైంది అత్తా అని చెప్పుకునే భాగ్యం నాకు దక్కలేదు.