పనామా సిటీలో సముద్రం వెళ్ళిపోయిన ఉదయం

నేను పనామా కాలువను అయిదుసార్లు దాటాను, ఒక్కసారీ చూడలేదు. ఓడలో ఇంజనీరుగా పనిచేసేవాడి బతుకు అంతే. ఓడ లాకుల్లోకి చేరి నీటితోపాటు మెట్టు మెట్టుగా పైకి లేస్తుంటే, వంటవాడితో సహా అందరూ డెక్ మీద కెమెరాలు పట్టుకుని నిలబడతారు. మేం మాత్రం అడుగున ఇంజన్ గదిలో చెమటలు కక్కుతూ పైనుంచి వచ్చే ఆదేశాల కోసం కాచుకుని ఉంటాం. 2005 మే నెలలో మా ఓడ చిలీ నుంచి వస్తూ, కాలువలో తన వంతు కోసం పనామా సిటీ ఎదురుగా లంగరు వేసింది. వంతు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. కెప్టెన్ ఒక్క రోజు సెలవిచ్చాడు. ఈసారి గట్టు మీద నిలబడి, ఓడలు కొండెక్కడం కళ్ళారా చూడాలనుకున్నాను. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు మిత్రులు పనామా వెళ్తున్నామని, అక్కడ ఏం చూడాలని అడిగారు. వాళ్ళ కోసమే ఆ రోజు సంగతి రాస్తున్నాను.

నాతోపాటు దిగినవాడు నూకరాజు, మా ఓడలో డెక్ మీద పనిచేసే నావికుడు. వాళ్ళది విశాఖలో సముద్రం పక్కనే జాలరిపేట. తాతల నాటి నుంచి వేటకు వెళ్ళే కుటుంబం. మాది సబ్బవరం. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో చేరాక గాజువాక వచ్చేశాం. నూకరాజు ఓడ మీద నన్ను 'సార్' అనేవాడు, పని లేనప్పుడు 'బావా' అనేవాడు. ఓడెక్కి రెండు నెలలైనా, ఏ రేవులోనూ అతను ఒడ్డుకు దిగలేదు. కారణం అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు నేనే బలవంతాన లాక్కుపోయాను.

ఉదయం ఏడింటికి, రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంటు పంపిన లాంచీ ఎక్కాం. నలభై నిమిషాల ప్రయాణం. మబ్బుల కింద నుంచి ఊరు మెల్లగా పైకి వచ్చింది. కుడివైపు నీటి అంచు నుంచే లేచినట్టు వరసగా తెల్లటి మేడలు, ఒక్కొక్కటి ముప్పై నలభై అంతస్తులు. ఎడమవైపు అడవి కప్పుకున్న కొండ. మధ్యలో ఎర్ర పెంకుల కప్పులతో, చర్చి గోపురాలతో పాత ఊరు. ఇన్ని రేవులు చూశాను గానీ అడవీ, ఆకాశహర్మ్యాలూ, మూడొందల ఏళ్ళ పాత ఊరూ ఒకే చూపులో పట్టే చోటు ఇంకెక్కడా చూడలేదు. మా వెనకేమో వంతు కోసం ఆగిన ఓడలు, ఆ చివర నుంచి ఈ చివరకు లెక్కకు అందకుండా.

"ఏటి బావా, పపంచకంలో ఉన్న ఓడలన్నీ ఇక్కడే ఉన్నట్టున్నాయి!" అన్నాడు నూకరాజు.

రేవు బయట టాక్సీ మాట్లాడుకున్నాం. అక్కడ టాక్సీలకు మీటర్లు ఉండవు, ఎక్కే ముందే బేరం తేల్చుకోవాలి. డబ్బు మార్చుకునే బాధ మాత్రం లేదు, అమెరికా డాలర్లే నడుస్తాయి. డ్రైవర్ పేరు సెసిల్, డెబ్బైకి దగ్గర పడిన నల్లజాతి మనిషి. చక్కటి ఇంగ్లీషు మాట్లాడాడు. వాళ్ళ తాత కాలువ తవ్వే కూలీగా బార్బడోస్ దీవి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. చేపల మార్కెట్టుకు మూడు డాలర్లు. మధ్యాహ్నం పన్నెండుకు మళ్ళీ వచ్చి, మిరాఫ్లోరెస్ లాకులు చూపించి తీసుకురావడానికి ఇరవై. "సరిగ్గా పన్నెండుకు ఇక్కడే ఉండండి. వానొచ్చే వేళ, తర్వాత టాక్సీ దొరకదు" అని చెప్పి, మమ్మల్ని మార్కెట్టు దగ్గర దింపి వెళ్ళిపోయాడు.

మార్కెట్టు పాత ఊరి అంచున, సముద్రం గట్టు మీదే ఉంది. లోపల చల్లగా, తడిగా, మన ఫిషింగ్ హార్బర్ వాసనే. నూకరాజు ముఖం వెలిగిపోయింది. వంజరం, సొర, ఎండ్రకాయలు, అరచేయంత రొయ్యలు. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ, మొప్పలు ఎత్తి చూస్తూ నడిచాడు. పక్క తలుపు తోసుకుని బయట గట్టు మీదకు వెళ్ళాం. అక్కడ సముద్రం లేదు.

నిజంగానే లేదు. గట్టు కింద మూడు నిలువుల లోతున బురద మెరుస్తోంది. దాని మీద పదీ పదిహేను పడవలు పక్కకు ఒరిగి పడున్నాయి, లంగరు తాళ్ళు బురదలో పాముల్లా పడున్నాయి. నీటి అంచు ఎక్కడో దూరంగా సన్నటి గీత. ఆ గీత మా కళ్ళ ముందే ఇంకా వెనక్కి పోతోంది. మధ్యలో కొందరు వంగి బకెట్లలోకి గుల్లలు ఏరుకుంటున్నారు. అంత పెద్ద సముద్రం లేచి వెళ్ళిపోయిన చోటును చూడటం నాకదే మొదలు.

పక్కకు చూస్తే నూకరాజు లేడు. మెట్ల మీద నుంచి కిందికి పరిగెడుతున్నాడు.

"పైకి రండి! వచ్చేత్తాది, పైకి రండర్రా!" అని తెలుగులోనే అరుస్తున్నాడు. పడవ అడుగుకు తారు పూస్తున్న ఒక ముసలాయన రెక్క పట్టుకుని లాగాడు. ఆయన విదిలించుకుని కోపంగా ఏదో అన్నాడు. గుల్లలు ఏరేవాళ్ళు నడుం ఎత్తి చూశారు. ఎవరో నవ్వారు. నేను మోకాలి దాకా బురదలో దిగి అతన్ని పట్టుకున్నాను.

"నూకరాజూ, ఏమైంది? ఇది ఆటు. నీకు తెలియదా ఆటూ పోటూ?"

"నాకు తెలీదేటి బావా? ఆటంటే మన కాడ మనిషెత్తు కూడా ఉండదు. ఇంత దూరం సంద్రం ఎనక్కెల్లడం నాను ఒక్కసారే సూసినాను. ఆ రోజూ పున్నమే. ఇయాలా పున్నమే."

గట్టు మీద ఒక ఆవిడ రేకుల షెడ్డులో చేపలు వేయిస్తోంది. ఏప్రాన్ కట్టుకున్న లావుపాటి మనిషి. ఆవిడే దిగి వచ్చి నూకరాజు చేయి పట్టుకుని పైకి తీసుకొచ్చి, స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆవిడకు స్పానిష్ తప్ప రాదు, మాకు అది రాదు. నూకరాజు సముద్రం వైపు చూపించి, రెండు చేతులూ ఎత్తి కెరటం విరుచుకుపడ్డట్టు చూపించాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "సునామీ?" అంది మెల్లగా. నూకరాజు తలూపాడు. ఆవిడ ఒక క్షణం గుండె మీద చేయి పెట్టుకుంది. తర్వాత మార్కెట్టు గోడకు వేలాడుతున్న నల్ల పలక దగ్గరకు మమ్మల్ని తీసుకెళ్ళింది. దాని మీద సుద్దతో ఆ రోజు ఆటు పోటు వేళలు రాసున్నాయి. తొమ్మిదీ నలభై దగ్గర వేలు పెట్టి అరచేయి కిందికి దించింది. మూడూ నలభై దగ్గర పెట్టి అరచేయి తల మీదికి ఎత్తింది.

నూకరాజు ఆ పలకను చాలాసేపు చూశాడు. "నాను సూత్తాను బావా. అది రావడం సూసేకే ఇక్కడినుంచి లేత్తాను" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. అంతకు అయిదు నెలల ముందు, సునామీ వచ్చిన డిసెంబరు ఆదివారం పొద్దున జాలరిపేటలో నీళ్ళు వెనక్కి వెళ్తే, ఇసుకలో చేపలు కొట్టుకుంటున్నాయని వాళ్ళమ్మ బుట్ట పట్టుకుని దిగిందట. అతను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చూశాడు, ఏమీ అనలేదు. నీళ్ళు తిరిగొచ్చి ఆవిణ్ణి తెప్ప మీదకు విసిరేశాయి. ప్రాణం దక్కింది, తుంటి విరిగింది. అప్పటి నుంచి ఆవిడ వాకిట్లోకి కూడా రాదు.

"ఒక్క కేకేసుంటే ఆగిపోయుండేది బావా. నడిసంద్రంలో నాకు బయం లేదు. ఒడ్డంటేనే బయం."

పన్నెండయింది. సెసిల్ చెప్పిన వేళకే హారన్ కొట్టాడు. లాకులు అరగంట దూరంలో ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు దిగుతానో తెలియదు. నూకరాజు గట్టు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే "నువ్వెల్లు బావా. నానిక్కడే ఉంతాను" అన్నాడు. టాక్సీ తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగితే అతని వీపు కనిపించింది, రెండు చేతులతో గట్టు అంచు పట్టుకుని కూర్చున్నాడు. సెసిల్‌కు సంగతి చెప్పాను. ఆ పెద్దమనిషి కారు పక్కకు ఆపి తనూ వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఇరవై డాలర్లు ఇవ్వబోతే, "ఎక్కడికీ తీసుకెళ్ళనిదానికి తీసుకోను, భోజనం పెట్టించు" అన్నాడు.

ఆవిడ వేయించిన చేప, దానితో పచ్చి అరటికాయ ముక్కల్ని చదునుగా నొక్కి రెండుసార్లు నూనెలో వేయించినవి, నిమ్మకాయ. మనిషికి మూడున్నర డాలర్లు. అంత రుచిగా చేప నేను మళ్ళీ తినలేదు. తింటుండగానే కుండపోత మొదలై అరగంటలో ఆగింది. "మా తాత మొదటిసారి ఇక్కడ ఆటు చూసి, కాలువ తవ్వేవాళ్ళు సముద్రాన్ని ఖాళీ చేసేశారనుకున్నాడట" అన్నాడు సెసిల్. అక్కడికి యాభై మైళ్ళ దూరంలో, దేశానికి అవతలి ఒడ్డున ఉన్న ఇంకో సముద్రానికి ఈ పోటు లేదట. అక్కడ నీళ్ళు జానెడు లేస్తే గొప్ప అన్నాడు. ఒకే చిన్న దేశం, రెండు సముద్రాలు, రెండు తీర్లు!

నీళ్ళు ఎప్పుడు తిరిగాయో నాకు తెలియలేదు. చప్పుడు లేదు, కెరటం లేదు. ముందు బురదలోని కాలువలు నిండాయి. తర్వాత దూరంగా ఉన్న పడవ ఒకటి కదిలింది. ఒరిగి ఉన్నది నిదానంగా నిటారుగా లేచింది, నిద్ర లేచిన మనిషిలా. తర్వాత ఇంకోటి, ఇంకోటి. గూడబాతులు గుంపుగా నీటి అంచుతోపాటే ముందుకొచ్చాయి. పన్నెండు దాటేసరికి మెట్ల అడుగు మునిగింది. ఒక్కో మెట్టూ లెక్కపెట్టాను, ఇరవై మూడు మునిగాయి. ఎంత బరువు కదలాలంటే ఎంత బలం కావాలో లెక్క కట్టడం నా వృత్తి. కనుచూపు మేర ఉన్న ఆ సముద్రమంతటినీ మూడు నిలువుల ఎత్తు లేపుతున్న బలాన్ని లెక్క కట్టబోయి, మధ్యలో వదిలేశాను.

మూడు దాటాక, పొద్దున కోప్పడిన ముసలాయన తన పడవ తాడు అందక అవస్థ పడుతున్నాడు. నూకరాజు లేచాడు. మెట్లు దిగాడు. నీళ్ళు మోకాళ్ళకు, నడుముకు వచ్చాయి. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఇంకో మెట్టు దిగి తాడు పట్టి పడవను మెట్ల దగ్గరకు లాగాడు. ముసలాయన అతని భుజం మీద గట్టిగా ఒకటి చరిచి నవ్వాడు. నూకరాజు నీళ్ళలోనే చాలాసేపు నిలబడ్డాడు. పిలవాలనిపించలేదు.

సాయంత్రం ఆరింటికి సెసిల్ మమ్మల్ని రేవు దగ్గర దింపాడు. లాంచీకి అరగంట ఉంది. అయిదు డాలర్ల ఫోన్ కార్డు కొన్నాం. విశాఖలో అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర, జాలరిపేట లేచే వేళే. పక్కింటివాళ్ళు ఫోను తీసి వాళ్ళమ్మకు అందించారు. బూత్ చిన్నది, రిసీవర్లోంచి ఆవిడ గొంతు నాకూ వినిపిస్తోంది.

"అమ్మా, నాను. ఒడ్డు దిగినానే. ఇక్కడ సంద్రం రోజుకి రెండుసార్లు ఎల్లిపోతాది. అడుగు కనిపించీదాకా ఎల్లిపోతాది. మల్లీ వత్తాది. ఎవులూ పరుగెట్టరు. నాను పొద్దున్నుంచి సూసినాను."

కార్డులో డబ్బులు తరిగిపోతున్నాయి. తర్వాత ఆవిడ అడిగింది.

"టైముకే వత్తాదేటిరా?"

"టైముకే వత్తాదే అమ్మా. గోడ మీద రాసెడతారు."

"అయితే మంచిదేలే" అంది ఆవిడ.

మర్నాడు మా ఓడ కాలువ దాటింది. నేను అయిదోసారి కూడా ఇంజన్ గదిలోనే ఉన్నాను. పనామా సిటీ అంటే అందరూ లాకుల గురించే అడుగుతారు, వాటి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నేను చూసింది ఒక గట్టు, ఒక పలక, ఆరు గంటలు. మనుషులు గేట్లు కట్టి ఓడలను ఎత్తడం గొప్పే, నా అన్నం పుట్టేదే అలాంటి విద్యలో. కానీ ఏ గేటూ లేకుండా, చప్పుడు చేయకుండా నిండిన ఆ నీళ్ళ ముందు నేను చాలా చిన్నవాణ్ణయ్యాను. ఆ చిన్నతనం ఎందుకో హాయిగా ఉంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పున్నమికో అమావాస్యకో దగ్గరగా వెళ్ళండి, ఆటు పొద్దున తొమ్మిది పది మధ్య, నిండు పోటు మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య వస్తుంది. గొడుగు తప్పనిసరి. కాలువకు ఇంకో రోజు పెట్టుకోండి, రెండూ ఒకే రోజున చూడాలనుకోవద్దు.