గురుబారి కోసం లాట్వియా తాత కట్టిన పాట

మా చిన్నప్పుడు... అరకులో వాన పట్టుకుంటే వారాల తరబడి వదిలేది కాదు. తడి బట్టలు కుంపటి మీద ఆరబెట్టుకునేవాళ్ళం. ఆ వానలోనే, మిషన్ ఆసుపత్రి వెనక ఉన్న చిన్న చర్చిలో మాకు పాటల ప్రాక్టీసు జరిగేది.

మా నాన్న ఆ ఆసుపత్రిలో కాంపౌండరు. నాకప్పుడు పదేళ్ళు. పాట నేర్పేది ఒక తెల్లాయన. పెద్దవాళ్ళు దొరగారు అనేవారు, మేం మాత్రం లాట్వియా తాత అనేవాళ్ళం.

పొడుగ్గా, సన్నగా ఉండేవాడు... మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు. వాళ్ళ దేశంలో పేరున్న సంగీతకారుడట. ఆయన కట్టిన పాటలు మైదానంలో వేలమంది నిలబడి పాడేవారట. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం వస్తోందని పడవెక్కి పారిపోయి, ఎన్ని దేశాలు తిరిగాడో... చివరికి మిషన్ వాళ్ళతో మా కొండల్లోకి వచ్చిపడ్డాడు.

ఒకసారి స్కూలు అట్లాసులో లాట్వియా వెతికాం. లేదు. అక్కడంతా రష్యా రంగే. ఆ సంగతి చెప్తే, తాత పెన్సిలు తీసుకుని ఆ రంగు మీదే తన దేశం హద్దులు గీసిచ్చాడు. అట్లాసు పాడుచేశామని మేస్టారి చేత దెబ్బలు తిన్నాం.

చర్చిలో కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం ఉండేది. చెమ్మకి సగం మెట్లు పలికేవి కావు. దాని ముందు కూర్చునే ఆయన పాటలు రాసుకునేవాడు.

గురుబారి కొండ మీది ఊరి పిల్ల. నాకన్నా రెండేళ్ళు పెద్ద. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళమ్మ చేలో చోళ్ళు కోస్తూ పాడే రాగం ఒకటి ఓరోజు ఊరికే తీస్తుంటే, తాత విని లేచి నిలబడ్డాడు.

"మరల పాడుము," అన్నాడు. బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆయనది.

ఆ రాగం పట్టుకుని, ఒక్కో గొంతు ఒక్కో వరసలో పాడేలా నాలుగు గొంతుల పాట కట్టాడు. అన్నిటికన్నా ఎత్తున పలికే గొంతు గురుబారిది. ఆ నెల రోజులే ఆయన నవ్వడం చూశాం...

ఆదివారం పెద్ద పాస్టరుగారి ముందు పాడాలి. శుక్రవారం ప్రాక్టీసులో గురుబారి చెయ్యి తగిలితే కాలిపోతోంది.

"ఏటే, జొరమొచ్చిందా? నాన్నకి సెప్పనా?"

"సెప్పకే... సెప్తే నన్ను పాడనివ్వరు. నీకు దణ్ణం పెడతాను."

నేను చెప్పలేదు.

పై స్వరం సరిగ్గా నిలవడం లేదని తాత ఆ రోజు ఏడెనిమిదిసార్లు పాడించాడు. కాళ్ళు వణుకుతున్నా ప్రతిసారీ పాడింది.

శనివారం పొద్దున్న బెంచీ మీంచి పడిపోయింది. మలేరియా... మెదడుకెక్కేసింది. క్యాంపుకెళ్ళిన డాక్టరమ్మ గెడ్డ పొంగి అవతలే ఉండిపోయింది. నాన్న తనకి తెలిసిన ఇంజక్షన్లన్నీ వేశాడు. ఆదివారం చర్చి గంట కొట్టే వేళకి గురుబారి పోయింది.

"ఒక్కరోజు ముందు తెలిసుంటే..." అన్నాడు నాన్న చేతులు కడుక్కుంటూ. నేను పక్కనే నీళ్ళు పోస్తున్నాను.

వాళ్ళమ్మ కొండ దిగి వచ్చింది. తాత ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి "నేను పాడించితిని... నేనే పాడించితిని" అంటూనే ఉన్నాడు. ఆవిడకి ఆయన మాటలు అర్థం కాలేదు. పిల్ల తల మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

కొన్నాళ్ళకి, ఇక ఉండలేక, నిజం చెప్పేద్దామని తాత గదికి వెళ్ళాను. బల్ల మీద ఆ పాట కాగితాలున్నాయి. గురుబారి గొంతుకి రాసిందంతా రబ్బరుతో చెరిపేశాడు. మిగతా మూడు గొంతులూ అలాగే ఉన్నాయి.

"తాతా, ఒక మాట..." అన్నాను.

ఆయన విన్నాడో లేదో... "నాకొక కుమార్తె ఉండెను," అన్నాడు. "గురుబారి అంతయే. రేవులో జనుల మధ్య ఆమె చెయ్యి నా చేతినుండి జారెను. వెదకితిని... పడవ కదలిపోయెను." చెరిపిన కాగితం మడుస్తూ అన్నాడు... "ఇద్దరినీ నేనే పోగొట్టితిని."

అప్పుడైనా చెప్పాలి కదా... చెబితే ఆ ఇద్దరిలో ఒకరి బరువైనా దిగేది ఆయనకి. చిన్నదాన్ని, తెలియలేదు అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను. తెలుసు. భయమేసింది, అంతే. ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత ఆయన హార్మోనియం ముట్టలేదు. మరుసటి చలికాలం న్యుమోనియాతో పోయాడు. పూడ్చేటప్పుడు ఆ పాట పాడాం, మూడు గొంతులతోనే... పై గొంతు ఎవరూ ఎత్తుకోలేదు. ఆయన కాగితాలున్న పెట్టెని తర్వాతెప్పుడో తెరిస్తే చెదల మట్టి తప్ప ఏమీ మిగల్లేదట.

ఇప్పుడు ఊరూరా ఆశా వర్కర్లు వేలికి సూది గుచ్చి, పావుగంటలో మలేరియా అవునో కాదో చెప్పేస్తున్నారు. మొన్న అరకు వెళ్ళినప్పుడు చూశాను... ఒక పిల్ల వేలికి దూది నొక్కుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. అంత తేలికైపోయింది...

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు నోరు విప్పాల్సిన చోట విప్పలేకపోయిన వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే... కింద రాయండి. వినాల్సిన వాళ్ళు లేకపోయినా, నేను చదువుతాను.