కంఫర్టర్‌కు చింతపిక్కల గంజి

కెంచమ్మకు కూర్చోవడం రాదు. బర్గూరు చుట్టుపక్కల గుట్టల్లో చిన్నప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. మంద ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. తిండి కూడా నిలబడే తిన్నది. మేత బీళ్లన్నీ గ్రానైటు క్వారీలైపోయి, పెనిమిటి కొండప్ప కూడా పోయాక, మందను అమ్మేసి హోసూరులో కొడుకు ముఖేశ్ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెకు వినబడే మాట ఒక్కటే: కూచో.

"కూచోమ్మా" అంటాడు కొడుకు. "కూచో అత్తా" అంటుంది కోడలు చైత్ర. చీపురు పట్టుకుంటే లాక్కుంటారు, గిన్నె ముట్టుకుంటే వద్దంటారు. ప్రేమతోనే, కాదనడానికి లేదు. కానీ ఆ ప్రేమలో ఆమెకు ఊపిరాడటం లేదు. ఎందుకూ పనికిరాని దాన్నైపోయానా అన్న దిగులు లోపల తొలిచేస్తోంది.

ఆ రోజు చైత్ర కంపెనీలో ఫస్ట్ షిఫ్టుకు పోయింది. ముఖేశ్ మంచం మీదే ఫోను చూస్తూ కాఫీ తాగుతూ, లోటా మొత్తం కప్పుకునే కంఫర్టర్ మీద ఒలకబోశాడు. చైత్ర ముచ్చటపడి కొనుక్కున్న తెల్లటి కంఫర్టర్ అది. కెంచమ్మకు ఆ పేరు నోరు తిరగదు. 'మెత్తకంబళి' అంటుంది.

"నేను ఉతుకుతాలేరా" అంది.

"నీకెందుకమ్మా? చైత్ర వచ్చి చూసుకుంటుంది. నువ్వు కూచో" అని ముఖేశ్ బండెక్కి వెళ్లిపోయాడు.

కూర్చుంది. లేచింది. వాకిట్లోకి పోయింది, వచ్చింది. ఎన్నిసార్లు ముఖం తిప్పుకున్నా చూపు ఆ మరక మీదికే పోతోంది. చివరికి కొంగు బిగించి, కంఫర్టర్‌ను మిద్దె మీదికి ఈడ్చుకుపోయింది.

సబ్బునీళ్లలో వేసి తొక్కింది, జాడించింది. మరక పోయింది. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేదు. కానీ దండెం మీద వేసేసరికి అది చచ్చిన గొర్రెలా వేలాడింది. పాపం, దానికి బిగువే లేదనిపించింది కెంచమ్మకు. కంబళి అని పేరు పెట్టాక కంబళికి చేయవలసిన మర్యాద చేయొద్దూ? వాళ్ల ఇళ్లలో ఉన్ని కంబళి మగ్గం దిగాక చింతపిక్కల గంజి పూయనిదే ఎవరూ కప్పుకోరు. గంజి పడితేనే కంబళి నిలుస్తుంది. బర్గూరు దగ్గరి పోచంపల్లి సంతలో కొన్న పిక్కల పొడి ఆమె మూటలో ఉండనే ఉంది. చిక్కగా ఉడికించి, రెండు వైపులా దట్టంగా పూసింది. ఇన్నాళ్లకు చేతులకు పని దొరికిన సంతోషంలో కూనిరాగం కూడా తీసింది.

ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం పోయి తట్టి చూస్తే కంఫర్టర్ టపటపమంది. మడవబోతే మడత పడలేదు. లోపలి దూది ముద్దలు కట్టి, పైబట్ట అట్టలా బిగుసుకుపోయింది. కిందికి మోసుకొచ్చి గోడ పక్కన పెడితే తనంతట తానే నిలబడింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఇన్నాళ్లూ కారణం లేకుండానే కూచోమన్నారు, ఇప్పుడు కారణం కూడా దొరికింది. ఇక చెంబు కూడా ముట్టుకోనివ్వరు. వాకిలికీ వంటింటికీ మధ్య తిరిగింది. ఆటో చప్పుడైనా ఉలిక్కిపడింది. కంపెనీ బస్సు వీధి చివర ఆగేసరికి, బతుకులో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే పోయి మూలన కూర్చుండిపోయింది.

చైత్ర లోపలికి వచ్చి కంఫర్టర్‌ను చూసింది. గోటితో గీకి, వాసన చూసింది.

"ఏమత్తా, దీనికి గంజి పెట్టినావా?"

"కంబళే కదా అనుకున్నాను తల్లీ. బిగువుగా ఉంటాదని పెట్టినాను..." అంది కెంచమ్మ.

చైత్ర ముఖం ఎర్రబడింది. ఇష్టపడి కొన్న వస్తువు, కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఏదో అనబోయి అత్త వైపు చూసి ఆగింది. ఆ మనిషి అలా ముడుచుకుని కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. బ్యాగు పక్కన పడేసి గీజరు వేసింది.

"వేడినీళ్లలో నానబెడితే గంజి వదులుతాది. కానీ దీన్ని మెలిపెట్టి పిండకూడదత్తా, దూది ఇంకా ముద్దకడతాది. ఇద్దరు చెరొక కొస పట్టుకుని, చుట్ట చుట్టి నీళ్లు ఒత్తాల. ఆరేదాకా తడతా, తిప్పతా ఉండాల. నా ఒక్కదానితో యాడ అవుతాది?"

కెంచమ్మ కదల్లేదు.

"ఇంకా కూచున్నావేమత్తా? లెయ్. ఆ కొస పట్టు."

కెంచమ్మ లేచి కొంగు బిగించింది.