పుట్టింటి పుస్తెతో కొత్త హైవే ఎక్కిన మేనత్త

ముందే చెప్తున్నా, ఇది చదివి నా మీద జాలిపడొద్దు. పడాలనుకుంటే పెళ్లిపీటల మీద మెడ వంచుకొని కూర్చున్న మా మేనకోడలి మీద పడండి, గేటు దగ్గర గుండె చేత పట్టుకొని నిలబడిన మా తమ్ముడి మీద పడండి. ఒక్క పూటలో ఒక పెళ్లిని, ఒక పట్టుచీరను, ముప్ఫై ఏళ్లుగా సంపాదించుకున్న పెద్దరికాన్ని కలిపి కట్ట మీద నుంచి కిందికి జార్చినదాన్ని నేను. నాకు జాలి ఎందుకు?

మాదొక రోడ్ల వాట్సాప్ గ్రూపు. నవ్వొద్దు. కొందరికి చీరల పిచ్చి, కొందరికి సీరియళ్ల పిచ్చి, మాకు రోడ్ల పిచ్చి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాట్‌లో మలుపులు కష్టమా, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్‌లో కష్టమా అని అన్నం మానుకొని కొట్లాడుకున్నోళ్లం. హైదరాబాదులో ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్నోడు హారన్ల మోత మధ్య నుంచే ఫోటో పెడతాడు. మా మార్కాపురం బజారులో పలకల లారీ అడ్డం తిరిగిన ఫోటో నేను పెట్టి, 'దీని ముందు మీ హైదరాబాదు ఏపాటి?' అంటా. అప్పుడప్పుడూ కలుస్తాం కూడా. కలిసి ఏం చేస్తారంటారా? రోడ్డు పక్కన టీ తాగతా రోడ్డును చూస్తాం. మా ఆయన ఒకసారి వెంట వచ్చి, కాసేపు ఓర్చుకొని, "ఇంతమంది నిలబడినారు, బస్సు ఎప్పుడొస్తదే?" అని అడిగినాడు. మళ్లీ రాలేదు.

ఈ గ్రూపులో పెద్ద గౌరవం ఒకటుంది, 'ఫస్ట్ రన్'. కొత్త రోడ్డు మీద అందరికంటే ముందు బండి నడిపి వీడియో పెట్టినోళ్ల పేరు ఆ రోడ్డుకు అంటుకొని ఉంటది. ప్రభుత్వం ఏ పేరు పెట్టుకున్నా సరే, మాకు అది వాళ్ల రోడ్డే.

కనిగిరి దాటినాక పొలాల మధ్య ఎత్తుగా కట్ట పోసి కొత్త హైవే వేస్తా ఉన్నారు. నల్లటి తారు కనుచూపుమేర పోతా ఉన్న ఫోటో ఒకటి గ్రూపులోకి వచ్చింది. "అయిపోయినట్టే" అని నేను రాసినా. కంభంలో ఉండే శంకరయ్య సారు, రిటైరైన లెక్చరర్, నా మాటకు అడ్డం పడకపోతే ఆయనకు అన్నం అరగదు, వెంటనే తగులుకున్నాడు.

"ఫోటోలో కనపడేది రోడ్డమ్మా. కనపడనిది వాగు."

"వంతెన అయిపోయింది సార్."

"మీరు చూసినారా?"

"చూడాల్సిన పని లేదు. లెక్క ప్రకారం అయిపోవాలె."

"ప్రారంభం కాని రోడ్డూ, తాళి కట్టని అల్లుడూ ఒకటే తల్లీ. నమ్ముకొని అడుగు ముందుకు వేయకూడదు."

నన్నే! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నేను చెప్పిన రోడ్డుకు వాగులే ఉండవు. ఈ మనిషి నోరు మూయించకపోతే నా డిగ్రీ దండగ అనుకున్నా. ఇది పెళ్లికి ముందు రోజు సాయంత్రం సంగతి.

పెళ్లి పామూరులో, మా తమ్ముడి కూతురు స్రవంతిది. మా ఇళ్లల్లో పెళ్లికూతురి మెడలో రెండు పుస్తెలు పడతాయి, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. పుట్టింటి పుస్తె మేనత్త చేతుల మీదుగా రావాలె. మేనత్తే చేయించాలె, దేవుడి ముందు పెట్టాలె, ముహూర్తానికి పట్టుకొని పోవాలె. దోవలో అది నేలకు తగలకూడదు, సీటు మీద పెట్టకూడదు, మనిషి చేతిలోనే ఉండాలె. ఉన్నది నేనొక్కదాన్నే మేనత్తను. బదులు ఇంకొకరు లేరు.

పొద్దున్నే బయలుదేరినాం. కారు నేనే నడుపుతా. మా ఆయనకు రాదు. నేర్పబోయినా గానీ, రెండోరోజుకే ఇద్దరికీ మాటలు పోయినాయి. అందుకని వెండి డబ్బీలో ఉన్న పుస్తెను పళ్లెంలో పెట్టుకొని, పూజారి మాదిరి పక్కన కూర్చున్నాడు.

కనిగిరి దాటినాం. ఎడమ పక్క కొత్త హైవేకు ఎక్కే మట్టి బాట కనపడింది. అడ్డం ఏమీ లేదు. మీరే చెప్పండి, పిల్లి ముందర పాలగిన్నె మూత తీసి పెట్టి, తాగొద్దంటే ఎట్ల?

"ఏందే, ఇట్ల తిప్పినావు?" అన్నాడు మా ఆయన.

"పామూరుకే."

"పామూరు రోడ్డు అది గదా."

"అదీ పోతది. ఇది ఇంకా బాగా పోతది."

"అది కాదే, పెళ్లి..."

"పెళ్లికే పోతున్నాం. అందరికంటే ముందు పోయి కూర్చుంటాం. నువ్వు పళ్లెం పట్టుకో, నేను రోడ్డు పట్టుకుంటా."

అబ్బ, ఏం రోడ్డది! గుంత లేదు, గేదె లేదు, అడ్డమొచ్చే ఆటో లేదు. నెయ్యి రాసిన దోశ పెనం మీద పోయినట్టు పోయినాం. ఫోను ముందర తగిలించి వీడియో తీస్తా, "చూడండి శంకరయ్య సార్! వాగు ఏదీ? ఎక్కడ మీ వాగు?" అని అరిచినా.

అడగకుండా ఉండాల్సింది. దేవుడు వెంటనే చూపించినాడు.

బ్రేకు ఎట్ల తొక్కినానో నాకే తెలీదు. తారు అయిపోయింది. దాని ముందు నాలుగు స్తంభాలు ఆకాశానికి దండం పెడతా నిలబడి ఉన్నాయి. వాటి కింద వాగు. పైన వంతెన లేదు.

మా ఆయన పళ్లెం గుండెకు కరుచుకొని, "వాగు బాగుందే" అన్నాడు.

"మాట్లాడొద్దు."

"నేనేమన్నా? బాగుందన్నా."

బండి తిప్పి వచ్చిన దారినే పోయినా. తానొకటి తలిస్తే టిప్పరొకటి తలిచిందంట. మేం ఎక్కిన మట్టి బాట నోటికి అడ్డంగా, మేం ముందుకు పోయినప్పుడు ఎవరో కంకర కుప్ప పోసి పోయినారు. మా ఇంటి గడపంత కాదు, మా ఇల్లంత! ముందు వాగు, వెనక కంకర, రెండు పక్కలా మిద్దె ఎత్తు కట్ట. కుప్ప ఎక్కి అవతల దిగుదామంటే, ఆ మట్టి బాట మనిషి జాడే లేని చేలల్లో చుట్టు తిరిగి గానీ పాత రోడ్డుకు చేరదు. ఇటు కట్ట కిందనేమో పాత రోడ్డు. దాని మీద పామూరు బస్సు, నేను ఎగతాళి చేసే ఆ డొక్కు బస్సే, హారన్ కొట్టుకుంటా దర్జాగా పోయింది.

ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, ఏడున్నావు? గౌరీపూజ అయిపోయింది."

"పామూరు కనపడతా ఉందిరా."

అది అబద్ధం కాదు. అంత ఎత్తు మీద నుంచి పామూరు సెల్ టవరు నిజంగానే కనపడతా ఉంది.

"తొందరగా రా అక్కా. ముహూర్తం దాటితే మళ్లీ ఈ నెలలో లేదంట. మగపెళ్లోళ్లు పట్టింపు మనుషులు. అందరి చూపూ నీ మీదనే ఉంది."

స్రవంతి నా చేతుల్లో పెరిగిన పిల్ల. దాని పెళ్లి ఆగితే, అది కంకరవల్ల కాదు, నా నోటివల్ల.

గ్రూపులో రాసినా: 'ఆ కొత్త హైవే మీద నుంచి కిందికి దిగే దారి ఏదన్నా ఉందా? ఒక స్నేహితురాలు అడగతా ఉంది.'

శంకరయ్య సారు జవాబు మెరుపులాగా వచ్చింది. 'ఎక్కినారా తల్లీ?'

ఫోను మూసి సంచిలో పడేసినా. మా ఆయన వైపు తిరిగినా.

"నేను కట్ట మీద నుంచి జారి దిగుతా. కింద ఏదో ఒక బండి దొరకదా? నీ మోకాలితో నువ్వు దిగలేవు. ఇక్కడే ఉండు. డబ్బీ సంచిలో పెట్టు."

"ఊఁ" అన్నాడు.

బండికి తాళం వేసినా, సంచి భుజాన వేసుకున్నా, కొంగు నడుముకు బిగించినా, కట్ట అంచున కూర్చున్నా. తర్వాత జరిగింది దిగడం అనడానికి లేదు. కంచి పట్టు కింద, నేను పైన, ఎర్రమట్టి వెంట. పైనుంచి మా ఆయన కేకలు.

"ఏమేయ్! ఆగవే! అది కాదే..."

"ఏదీ కాదు! నువ్వు చెప్పేదంతా నాకు తెలుసు!" అని అరిచి పాత రోడ్డు మీదికి ఉరికినా.

గొర్రెపిల్లల్ని ఎక్కించుకొని పామూరు సంతకు పోతా ఉన్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. వెనక వాటి మధ్యలో కూర్చున్న ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏందక్కా, పైరోడ్డు మీద నుంచి పడినావా?"

"పడలేదు. దిగినా."

"ఆహా. ఇప్పుడు అట్ల దిగుతా ఉన్నారా?"

"పెళ్లికి పోవాలమ్మా, మేనకోడలిది. పుస్తె నా దగ్గరుంది."

"అయ్యో, ఎక్కు ఎక్కు! అన్నా, తొక్కు బండి, పుస్తె ఉందంట!"

దోవ పొడుగునా ఫోను మోగతానే ఉంది. తమ్ముడు కాదు, మా ఆయన. కట్ చేసినా. మళ్లీ చేసినాడు. మళ్లీ కట్ చేసినా. "ముందే చెప్పినా కదా" అనే పాట వినే ఓపిక నాకు లేదు. "ఎత్తక్కా, ఏమన్నా పని ఉందేమో" అనింది ఆమె. "మొగుడమ్మా" అన్నా. "అట్లయితే కట్ చేసెయ్" అనింది. ఈలోగా ఒక గొర్రెపిల్ల నా జడలో మల్లెలు సగం తిని, మిగతా సగం రుచి లేదన్నట్టు వదిలేసింది.

కల్యాణ మండపం. తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా అవతారం చూసి నోరు తెరిచినాడు గానీ అడిగే టైము లేదు. చేయి పట్టుకొని లాక్కుపోయినాడు. జీలకర్ర బెల్లం అయిపోయింది. పురోహితుడు నన్ను చూసి, "అమ్మయ్య! మేనత్తగారు వచ్చినారు. పుట్టింటి పుస్తె ఇవ్వండమ్మా" అన్నాడు.

గర్వంగా సంచి తెరిచినా. దువ్వెన. తలనొప్పి బిళ్లలు. ఫోను చార్జరు. బండి తాళంచెవి.

మళ్లీ వెతికినా. తలకిందులుగా కుదిపినా. తాళంచెవి టంగుమని పీటల ముందు పడింది. డబ్బీ మాత్రం లేదు.

మేళగాళ్లు కూడా వాయించడం ఆపి చూస్తా ఉన్నారు. మా ఆయనకు ఫోను చేసినా. ఇందాకటిదాకా ఊపిరాడకుండా చేసిన మనిషి ఫోను ఇప్పుడు స్విచాఫ్. ఒరే దేవుడా, ఇన్నిసార్లు చేసింది ఇది చెప్పడానికా! డబ్బీ నా దగ్గరే ఉందే అని చెప్పడానికా!

స్రవంతి తల వంచుకొనే గుసగుసగా అడిగింది. "అత్తా, పుస్తె ఏదీ?"

"హైవే మీద ఉందే."

"ఏ హైవే?"

"కొత్తది."

"అది ఇంకా ఓపెన్ కాలేదు గదత్తా!"

చూసినారా, పెళ్లిపీటల మీద ఉన్న పిల్లకు తెలిసింది నాకు తెలీలేదు. దాని కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. మగపెళ్లివారి వైపు నుంచి ఒక ముసలాయన దగ్గినాడు. ఉత్త దగ్గు కాదది, పంచాయితీకి ముందొచ్చే దగ్గు. తమ్ముడు నా వైపు చూడనే లేదు. అరిచినా బాగుండేది.

అప్పుడు పురోహితుడు మంత్రం ఆపకుండానే, మధ్యలో ఇరికించినట్టు, "పసుపుకొమ్ము తెండి. పసుపుతాడుకు కట్టండి. బంగారం లేని కాలంలో పెళ్లిళ్లు కాలేదా? మేనత్త చేతులతోనే ముడి వేసి ఇవ్వండమ్మా, తొందరగా" అన్నాడు.

మట్టి కొట్టుకుపోయిన చేతులు కొంగుకు తుడుచుకొని కట్టినా. తాడు జారిపోతా ముడి పడదు. స్రవంతి కళ్లు తుడుచుకొని, "కట్టత్తా, బంగారం తర్వాత చూసుకుందాం. మెడ లాగేస్తా ఉంది నాకు" అనింది. ముడి పడింది. ముహూర్తం దాటకముందే మూడుముళ్లూ పడినాయి. ముసలాయన దగ్గు అక్షింతల్లో కలిసిపోయింది.

తాళంచెవి ఇచ్చి మా పెద్దనాయన కొడుకును హైవేకు తరిమినాం. పంక్తిలో రెండో వరస అన్నాలకు కూర్చున్నప్పుడు మా ఆయన వచ్చినాడు. మొహం వేయించిన అప్పడంలాగా ఉంది. లాల్చీ జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఆయన నోరు తెరవకముందే నేను లేచినా.

"డబ్బీ నీ జేబులో పెట్టుకున్నోడివి, ఫోనులో ఆ ముక్క మెసేజి అయినా పెట్టకూడదా? ఇంతమంది ముందు నా పరువు తీస్తివే!"

ఆయన జేబు తడుముకున్నాడు. డబ్బీ బయటికి తీసినాడు. దాన్ని చూసి నాకంటే ఎక్కువ ఉలిక్కిపడినాడు.

"అరె! ఇది నా దగ్గరే ఉందా?"

"మరి ఎందుకు అరిచినావు? ఎందుకు అన్నిసార్లు ఫోను చేసినావు?"

"నన్ను ఒక్క వాక్యం పూర్తిగా చెప్పనిస్తే చెప్తా."

పంక్తి మొత్తం ముద్దలు ఆపి చూస్తా ఉంది. తమ్ముడైతే వడ్డించే గరిటె పట్టుకొని మరీ నిలబడినాడు. చెప్పమన్నా.

"నువ్వు కట్ట మీద కూర్చున్నప్పుడే అటునుంచి జేసీబీ వచ్చిందే. నువ్వు సగం జారేసరికి కంకర సగం తీసినాడు. నువ్వు గొర్రెల బండి ఎక్కేసరికి దారి చీపురుతో ఊడ్చినట్టుంది. 'రా, బండిలోనే పోదాం, తాళంచెవి నీ దగ్గరుంది' అని చెప్పడానికి అరిచి అరిచి నా గొంతు పోయింది, చేసి చేసి నా ఫోను పోయింది."

ఆ నవ్వు పామూరు బజారు దాకా వినపడి ఉంటది. తమ్ముడు కూడా నవ్వినాడు, అదొక్కటే నాకు దక్కిన లాభం. రోడ్ల గ్రూపులోనేమో, వాగు దాటలేదు కాబట్టి నా ఫస్ట్ రన్ చెల్లదని శంకరయ్య సారు తీర్పు ఇచ్చినాడు. కట్ట మీద నుంచి జారిన దూరం కలిపితే చెల్లుతదని నేను ఇప్పటికీ వాదిస్తా ఉన్నా.

అందుకని పుస్తె సాక్షిగా, పసుపుకొమ్ము సాక్షిగా, నా మల్లెలు తిన్న గొర్రెపిల్ల సాక్షిగా ఒట్టు పెట్టి చెప్తున్నా. రిబ్బను కత్తిరించని రోడ్డు ఇక జన్మలో ఎక్కను. ఎక్కినా, మా ఆయన మాట పూర్తి కాకుండా బండి దిగను. ఆయన కూడా ఒకటి చెప్పుకోవాలంటాడు ఇక్కడ. "అది కాదే, అసలు ఆ ఒట్టు..." అంటా ఉన్నాడు గానీ, ఆయన చెప్పేదంతా నాకు తెలుసు.