ఐలమ్మ తెడ్డు

శామీర్‌పేట చెరువు కాడ ఐలమ్మ నోటికి కుక్కలు గూడ పక్కకు జరిగేటియి. మొగడు ఇస్తారి సచ్చిపోయినంక ఆయన గుండ్రటి పుట్టి ఎక్కి తెడ్డు పట్టింది. "ఆడిది పుట్టి తోలుడేంది?" అన్నోనికి "నా పిల్లలకు నువ్వు పెడ్తవారా బువ్వ?" అని మొఖం మీదనే అడిగింది.

రెండువేల మూడుల, తొలకరి వానలు వడ్డయి. ఒడ్డు పక్క భూమి భాస్కర్ పటేలుది. చెరువుల మొల్సిన తుంగ గడ్డి మీద గూడ మన్ను పోపించి ప్లాట్లు చేస్తనని ఎగురుతుండు. చేప గుడ్డు పెట్టేది గా తుంగలనే. తుంగ పోతే ఐలమ్మ వలకు ఇగ ఏం వడ్తది? పోయి కొట్లాడింది. పటేలు నవ్విండు.

"ఇయ్యాల పట్నంకెళ్లి సేటు వస్తుండు. పుట్టిల తిప్పి మిణుగురులు సూపియ్యి. మెచ్చి హోటల్ పెడ్తనంటే తుంగ ఉంచుత. లేకుంటే రేపే ట్రాక్టర్లు."

వీని మొఖం సూస్తెనే కడుపు మండుతది. అయినా సరేనన్నది. మిణుగురులు యాడికి పోతయి? నిన్న గూడ తుంగ నిండ అవే.

పొద్దుగూకినంక పటేలును, సేటును పుట్టిల ఎక్కించుకొని తోలింది. తుంగ కాడ తెడ్డు ఆపింది. అంత సీకటి. ఒక్కటంటె ఒక్కటి మెరువలే. ముక్కుల ఘాటు కొట్టింది.

"గిదేం వాసన పటేలా?"

"దోమల మందు. సేటును దోమలు కుడ్తయని పొద్దుగాల్నే కొట్టిపిచ్చిన."

సేటు టార్చి కొట్టిండు. నీళ్ల మీద సచ్చిన పురుగులు, చేపపిల్లలు. ఐలమ్మ పటేలు దిక్కు తిరిగింది.

"నీ చేతులిరుగ! పురుగుల్ని సూపియ్యమని పురుగులకే మందు కొడ్తవా?"

"నోరు మూస్కో! సేట్, గీ ముసల్ది తోవ తప్పి యాడికో తెచ్చింది. రేపు మన్ను పోపిస్త, దీని లొల్లి వోతది."

ఐలమ్మ ఇగ తిట్టలే. ఐలమ్మ తిట్టకుంటేనే భయపడాలె, పటేలుకు గా తెలివి యాడుంది? తెడ్డు సంకల పెట్టుకొని నడుము లోతు నీళ్లల్లకు దిగింది. తనకు ఎరుకైన గట్టి జాగల అడుగేసుకుంట ఒడ్డు దిక్కు నడ్సింది.

"ఏయ్, యాడికి? మేమెట్ల రావాలె? గీ బురద పట్టుకుంటె ఇడువది!"

"రేపు మన్ను పోపిస్తవ్ గదా పటేలా! గా మన్ను మీదికెళ్లి నడ్సుకుంట రా!"

ఒడ్డెక్కి చీర పిండుకుంటుంటే, తుంగలకెళ్లి పటేలు సెంపలు సరుసుకునే సప్పుడు ఇనొచ్చింది. గంత మందు కొట్టినా దోమ ఒక్కటి గూడ సావలే.