ఆరు గంటల లింకు

ఆఫీసులో అతణ్ణి మర్యాదయ్య అంటారు. ఎవరైనా కొత్తగా ఖాతా తెరిచినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా వెబ్‌సైట్ తనంతట తానే పంపే మెయిళ్లను తెలుగు చేయడం అతని పని. పదకొండేళ్లుగా అదే. చెప్పులు విడిచి ఒకరింట్లోకి వెళ్తున్నట్టు రాసేవాడు. "ఖాతా స్తంభింపజేయబడినది" లాంటి వాక్యం కనబడితే ఒళ్లు మండేది.

"నీ మెయిల్ చదివితే పాస్‌వర్డ్ పోయినందుకు సంతోషమేస్తుందయ్యా" అనేది పక్క కుర్చీలోని ప్రోగ్రామరు.

అతని అక్కకు కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండు బస్సులు మారి వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు సీటు దొరక్కపోతే బస్సు మెట్ల మీదే కూలబడుతుంది. ఈమధ్య ఆమె ఇంటి వెనక వీధిలోనే కొత్త కేంద్రం తెరిచారు. ఎనిమిది మందికే చోటు. పేరు తమ్ముడి ఆఫీసు నడిపే వెబ్‌సైట్‌లోనే ఇచ్చి, మెయిల్‌లో వచ్చే లింకు నొక్కి ఖాయం చేసుకోవాలి. ముందు నొక్కినవాళ్లకే చోటు.

అక్క బుధవారం పేరు ఇచ్చింది. మెయిల్ వెంటనే వచ్చింది. ఆదివారం తమ్ముడు రాగానే ఫోన్ అతని చేతికిచ్చింది.

"నువ్వు రాసిందేగా! నీ చేత్తోనే నొక్కిద్దామని దాచాను."

నొక్కాడు. లింకు చెల్లదంది. మళ్లీ పేరు ఇచ్చి, కొత్త లింకు నొక్కాడు. శుక్రవారానికే ఎనిమిదీ నిండాయి. వెయిటింగ్ లిస్టులో అక్కది ముప్పై ఒకటో నంబరు.

"పోనీలేరా, నా మొహాన రాసి ఉండొద్దూ?" అందామె. అతను ఆ పాత మెయిల్ వైపే చూస్తున్నాడు. చివర ఒక వాక్యం ఉండాలి. లేదు.

ఇంగ్లీషులో ఉంది: ఈ లింకు ఆరు గంటలే పనిచేస్తుంది. నిరుడు దాన్ని అతనే తీసేశాడు. "ఇది అక్కర్లేదా?" అని ప్రోగ్రామరు అడిగింది కూడా. "గడువు పెట్టి బెదిరించినట్టుంది. పాపం, కంగారు పడతారు" అన్నాడు. "నీ ఇష్టం, మర్యాదయ్యా" అందామె.

సోమవారం ఆ వాక్యాన్ని మొదటి వరుసలో పెట్టాడు. దయచేసి అని కూడా రాయలేదు. గడువు దాటాక లింకు నొక్కినవాళ్లెందరో చూడమని ప్రోగ్రామరుతో అన్నాడు. తెలుగు మెయిల్ అందినవాళ్లలో రెండు వందల పన్నెండు మంది. ప్రోగ్రామరు ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు.

మంగళవారం పొద్దున్నే బస్టాపుకు వెళ్లాడు.

"ఏరా, పని ఎగ్గొట్టావా?" అంది అక్క.

"ఆరు గంటల్లోగా నొక్కాలన్న మాట ఆ మెయిల్‌లో ఉండాలక్కా. తీసేసింది నేనే."

"ఎందుకురా?"

"కంగారు పడతారని."

బస్సు వచ్చింది. అతను మోచేయి పట్టుకోబోతే ఆమె విడిపించుకుంది. రాడ్ పట్టుకుని మెట్టెక్కింది, ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"నన్ను కంగారు పెట్టాల్సిందిరా" అంది, వెనక్కి తిరక్కుండా.

లోపల సీటు లేదు.