తాత పెంచిన గార

కొడకండ్లలో పొద్దున్నే వేపపుల్ల నములుతూ, దారినపోయే ప్రతివారినీ ఆపి ముచ్చట పెట్టే పోశాలు తాత ఉన్నట్టుండి పుల్ల మానేశాడు. "పండ్లు తోముడు బందు వెట్టినవేందే పోశాలన్నా?" అంటే మూతి బిగించి నవ్వేవాడు. మనుమరాలు కీర్తన కాలేజీలో పళ్లు శుభ్రం చేసే కోర్సు చదువుతోంది. పరీక్షకు పళ్లకు గార పట్టిన మనిషిని తనే వెతికి తెచ్చుకోవాలట. అంతే, తాత గార పెంచాడు, మీసం పెంచినంత శ్రద్ధగా.

పరీక్షనాడు కుర్చీలో పడుకోబెట్టి, "నొప్పి లేస్తే చెయ్యి లేపు తాతా," అంది కీర్తన. ఆమె గీకుతున్నంతసేపూ తాత కళ్లనీళ్లు చెవుల్లోకి కారాయి కానీ చేతులు కుర్చీని వదల్లేదు. పిల్ల పాసైందని చెప్పిన సారు, "నొప్పి కాలేదా పెద్దాయనా?" అని అడిగాడు.

"పానం పోయినంత పనైంది సారూ. చెయ్యి లేపితే పిల్లకు మార్కులు తక్కువేస్తరని ఊకున్న."